ఎర్ర త్రికోణంతో తొమ్మిది రోజులు: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

మాది ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశా వైపున్న పర్లాకిమిడి. మా పాపకి శ్రీకాకుళం వైపు ఒక డిగ్రీ కాలేజీలో సీటు కోసం 2025 జూన్‌లో ఆన్‌లైన్ అప్లికేషన్ పెట్టాం. అరగంట పని అనుకుని కూర్చుంటే తొమ్మిది రోజులు పట్టింది. ఈ తొమ్మిది రోజుల్లో బ్రౌజర్ నాలుగుసార్లు సైటు తెరవకుండా ఎర్ర త్రికోణంతో హెచ్చరిక పేజీ చూపించింది, నాలుగుసార్లూ కారణం వేరు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వచ్చిన చోట మాత్రం ఏ త్రికోణమూ రాలేదు. అడ్మిషన్ల కాలంలో మీలో ఎవరికైనా ఇదే ఎదురు కావచ్చు. తేదీలన్నీ నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను, అది పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

జూన్ 9, సోమవారం. సాయంత్రం గాలివానకి కరెంటు పోయి రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చింది. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది, పదేళ్లు దాటింది. పాప దాన్ని ఆన్ చేసి క్రోమ్ తెరిచింది. కాలేజీ సైటు రాలేదు. జీమెయిల్ రాలేదు. బ్యాంకు సైటూ రాలేదు. ఏది కొట్టినా ఎర్ర త్రికోణం ఉన్న ఒకటే పేజీ. నాకు గుండె జారిపోయింది. కంప్యూటర్‌లో ఎవరో దూరారు, బ్యాంకు డబ్బులు పోయాయి అనే అనుకున్నాను. ఆ కంగారులోనే విశాఖపట్నంలో ఉన్న మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను.

"పిన్నీ, ఏం లేదు, అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది నొక్కు, కింద ప్రొసీడ్ వస్తుంది, అదీ నొక్కీ, ఎల్లిపోద్ది" అన్నాడు.

నొక్కాను. ప్రొసీడ్ అన్న మాట ఎక్కడా లేదు. అప్పుడు పాప నన్ను పక్కకి జరగమని ఆ పేజీ మొదటి నుంచి చదివింది. అంతవరకు ఇద్దరం ఆ ఎర్ర రంగు చూసి బెదిరామే కానీ ఏం రాసుందో చదవలేదు. అందులో ఉన్నది ఇంతే: మీ గడియారం వెనకబడి ఉంది, తేదీ సరిచేసుకోండి. తేదీ మార్చుకునే బటన్ కూడా అక్కడే ఉంది. కింద మూలన చూస్తే మా కంప్యూటర్ 2014 జనవరి 1 అంటోంది.

తేదీ సరిచేశాం, అన్ని సైట్లూ తెరుచుకున్నాయి. నేను ఊపిరి పీల్చుకుని ప్లగ్ తీసేసి పడుకున్నాను. పొద్దున్న లేచి ఆన్ చేస్తే మళ్లీ 2014 జనవరి 1.

జూన్ 10, మంగళవారం. బజారులో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయిని పిలిచాను. ఒడియా అబ్బాయే కానీ తెలుగు మనలాగే మాట్లాడతాడు. క్యాబినెట్ పక్క రేకు విప్పి, బ్రష్‌తో దుమ్ము దులిపి, బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉన్న ఒక గుండ్రటి బ్యాటరీని చిన్న స్క్రూ డ్రైవర్‌తో మీటి తీశాడు. "మాఉసీ, ఇదే మీ రోగం" అని నా అరచేతిలో పెట్టాడు. దాని మీద సీఆర్ 2032 అనీ 3 వోల్టులు అనీ చెక్కి ఉంది. కరెంటు లేనప్పుడు కంప్యూటర్‌లో గడియారం నడిచేది ఆ బిళ్ళ మీదేనట. అది చచ్చిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ మొదటికి పోతుంది. కొత్త బిళ్ళ 50 రూపాయలు, ఇంటికి వచ్చినందుకు 200. పది నిమిషాలు ప్లగ్ తీసేసి ఉంచి, మళ్లీ పెట్టి, తేదీ నిలిచిందని చూపించాకే డబ్బులు తీసుకున్నాడు.

తేదీకీ సైట్లు తెరుచుకోకపోవడానికీ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. ఆ అబ్బాయి చెప్పిన దానికి నాకు తెలిసిన పోలిక కలుపుకుంటే అర్థమైంది. ఒడిశాలో ప్లస్ టూ చదివిన పిల్ల ఆంధ్రా కాలేజీకి వెళ్తే అక్కడి గుమస్తా టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకుని మూడు చూస్తాడు. పేరు ఈ పిల్లదేనా, తేదీ సరిగా ఉందా, కింద సంతకం, సీలు ఒప్పుకోదగిన వాళ్లదేనా. ప్రతి సైటూ మన బ్రౌజర్‌కి అలాంటి సర్టిఫికెట్ ఒకటి చూపించాలి. బ్రౌజరూ ముఖ్యంగా ఆ మూడే చూస్తుంది. మా కంప్యూటర్ 2014లో కూర్చుని 2024లోనో 2025లోనో ఇచ్చిన సర్టిఫికెట్ చూస్తోంది. ఇంకా పుట్టని కాగితం లాంటిది కదా, ఎలా ఒప్పుకుంటుంది?

జూన్ 11, బుధవారం. అప్లికేషన్ మొదలుపెట్టాం. పేరు, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ పెట్టాక అప్లికేషన్ నంబరు వచ్చింది. ఫోటో సైజు తగ్గించడానికే గంట పట్టింది. రాత్రి పదయింది, మిగతాది రేపు చేద్దాం అని సేవ్ చేసి మూసేశాం. ఇప్పటికీ ఆ రాత్రి ఇంకో గంట కూర్చుని ఉంటే అనిపిస్తుంది.

జూన్ 12, గురువారం. పొద్దున్న తొమ్మిదికి తెరిస్తే మళ్లీ ఎర్ర త్రికోణం. ముందు తేదీ చూశాను, సరిగ్గానే ఉంది. మిగతా సైట్లన్నీ తెరుచుకుంటున్నాయి, కాలేజీ సైటు ఒక్కటే రావడం లేదు. ఫోన్‌లోనూ అంతే. విశాఖలో అక్క కొడుకుని చూడమంటే వాడికీ అదే పేజీ. ముగ్గురం మూడు చోట్ల చూస్తే ఒకటే వచ్చింది కాబట్టి తప్పు మా ఇంట్లో లేదని తేలిపోయింది. ఈ పరీక్షకి రెండు నిమిషాలు చాలు. ఎవరైనా ముందు ఇది చేయండి.

పాప అడ్రసు గడికి ఎడమ పక్కన ఎర్రగా ఉన్న 'నాట్ సెక్యూర్' మీద నొక్కి సర్టిఫికెట్ తెరిచింది. నేను ఇంతకు ముందు ఎప్పుడూ అది చూడలేదు. ఇచ్చిన తేదీ 2024 జూన్ 12, ఉదయం 5:30:00. గడువు తీరేది 2025 జూన్ 12, ఉదయం 5:29:59. ఈ 5:29:59 ఏమిటో నాకు అర్థం కాలేదు. పాప వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది: సర్టిఫికెట్‌లో రాసేది గ్రీన్‌విచ్ టైము లెక్క, ఆ లెక్కలో అర్ధరాత్రికి ఒక సెకను ముందు అది ముగిసింది, మనకి అప్పుడు తెల్లవారి ఐదున్నర. అంటే మేం నిద్రలో ఉండగా, నేను టీ పెట్టడానికి లేచే వేళకి, ఆ కాలేజీ సైటు కాగితం చెల్లకుండా పోయింది. ఏడాది ముందే రాసి ఉన్న తేదీ అది. ఎవరూ చూసుకోలేదు.

ఇక్కడ ఇంట్లో ఒకటి జరిగింది. నేను ఫోన్‌లో "సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయిపోయిందట" అనడం మా ఆయన విన్నారు. ఏమీ అడగకుండా లోపలికి వెళ్లి, బీరువాలోంచి పాప సర్టిఫికెట్ల ఫైలు తీసి, మంచం మీద అన్నీ పరుచుకుని కూర్చున్నారు. రెసిడెన్స్, కులం, ఆదాయం, ఒక్కొక్కటే తిప్పి తేదీలు చూస్తున్నారు. చేతులు వణుకుతున్నాయి. సరిహద్దులో ఉండే మన తెలుగువాళ్లకి ఆ మాట ఎలా తగులుతుందో మీకు తెలుసు. ఇక్కడ తెలుగువాళ్లమంటారు, అక్కడికి వెళ్తే ఒడిశా వాళ్లు, నాన్‌లోకల్ అంటారు. ఏ కాగితం తక్కువైనా పిల్ల చదువు ఆగిపోతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. "మన పాపది కాదండీ, సైటుది" అని చెప్పి, ఫైలు సర్ది లోపల పెట్టేసరికి నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

కాలేజీ ఆఫీసుకి ఏడుసార్లు చేస్తే ఎనిమిదోసారి ఎత్తారు. "ఏం కాదమ్మా, అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ కొట్టండి, అందరూ అలాగే చేస్తున్నారు" అన్నారు. ఈసారి ఆ పేజీలో ప్రొసీడ్ ఉంది, పక్కనే అన్‌సేఫ్ అని కూడా ఉంది. అప్లికేషన్‌కి గడువు జూన్ 20. పాప నా మొహం చూస్తోంది.

నేను నొక్కలేదు. ఎందుకో చెప్తాను. నిన్నటిదాకా బాగున్న సైటే, తేదీ మాత్రమే దాటింది, పేరూ సంతకమూ సరిగ్గానే ఉన్నాయి. తేదీ దాటినంత మాత్రాన మనం టైపు చేసింది దారిలో అందరికీ కనపడిపోదని కూడా తర్వాత తెలుసుకున్నాను. నోటీసు చదవడానికో, ఫీజు ఎంతో చూడడానికో అయితే వెళ్లి చూసి వచ్చేదాన్ని. కానీ మేం అక్కడ ఇవ్వాల్సింది పాప ఆధార్ నంబరు, మార్కుల మెమో, మా ఆయన కార్డు వివరాలు. గడువు తీరిన కాగితం పట్టుకొచ్చిన మనిషి చేతిలో అవి పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇంకొకటి, ఒకసారి ప్రొసీడ్ కొడితే అదే సర్టిఫికెట్‌కి క్రోమ్ కొన్ని రోజులు మళ్లీ ఆపదు. ఆ కొన్ని రోజులే మేం డబ్బు కట్టే రోజులు.

జూన్ 13, శుక్రవారం. పాపని తీసుకుని నేరుగా కాలేజీకే వెళ్లాను. పాతపట్నం దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. ఇద్దరికీ రానూపోనూ, టిఫిన్‌తో కలిపి 420 రూపాయలు అయింది.

ఆఫీసులో ఒకాయన మర్యాదగానే మాట్లాడారు. సైటు చూసేది హైదరాబాద్‌లో ఒక కంపెనీ అట. రెన్యువల్ చేయమని ఈమెయిళ్లు నెల ముందు నుంచే వచ్చాయట, కానీ అవి రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసిన ఒకాయన మెయిల్‌కి వెళ్తున్నాయట. ఇది విన్నాక కోపం కన్నా నీరసం వచ్చింది నాకు. కాగితం మీద అప్లికేషన్ తీసుకోవడం కుదరదన్నారు. అప్పుడు నేను తెల్లకాగితం అడిగి, సైటు ఫలానా తేదీ నుంచి తెరుచుకోవడం లేదు, గడువు పెంచండి అని రాసి, అప్లికేషన్ నంబరు వేసి, జెరాక్స్ మీద వాళ్ల చేత సంతకం, సీలు వేయించుకున్నాను. ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు కానీ వేశారు. ఈ నాలుగు లైన్ల కాగితం చేతిలో ఉండడమే ఆ వారమంతా నాకు ధైర్యం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుకి గంట టైముంది. బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్‌లో కూర్చున్నాం. గోడ మీద ఫ్రీ వైఫై అని ఉంటే పాప ఫోన్ కలిపింది. జీమెయిల్ తెరిస్తే మూడోసారి ఎర్ర త్రికోణం, ఇక్కడ కూడా ప్రొసీడ్ లేదు. అడ్వాన్స్‌డ్ నొక్కితే ఈ సైటుకి హెచ్ఎస్‌టీఎస్ ఉంది కాబట్టి ఇప్పుడు వెళ్లలేరు అని రాసుంది. ఆ మాటకి అర్థం, సర్టిఫికెట్ ఏమాత్రం తేడా ఉన్నా లోపలికి రానివ్వొద్దని ఆ సైటే బ్రౌజర్‌కి ముందే గట్టిగా చెప్పి ఉంచుకుందని. కారణం చిన్నదే: ఆ వైఫైలో ముందు ఫోన్ నంబరు ఇచ్చి లాగిన్ కావాలి, అప్పటిదాకా మనం ఏ సైటు అడిగినా ఆ వైఫై పెట్టె మధ్యలో నిలబడి తన కాగితం చూపిస్తుంది. జీమెయిల్‌ని అడిగితే ఇంకెవరో వచ్చి నిలబడ్డారు కాబట్టి బ్రౌజర్ ఒప్పుకోలేదు. వైఫై తీసేసి మొబైల్ డేటా పెడితే మామూలుగా తెరుచుకుంది. లాడ్జీల్లో, ఆసుపత్రుల్లో కూడా ఇది కనిపిస్తుంది, భయపడకండి. అలాగని అక్కడ తోసుకుని లోపలికి వెళ్లే ప్రయత్నమూ చేయకండి.

జూన్ 14 నుంచి ఇక్కడ రజ పండగ. మా వీధిలో ఆడపిల్లలందరూ కాళ్లకి పారాణి పెట్టుకుని ఊయలలు ఊగుతున్నారు, పక్కింటి వాళ్లు పోడపిఠా అనే పిండివంట పంపారు. మా పాప ఊయల ఎక్కలేదు. గంటకోసారి వెళ్లి ఆ సైటు తెరిచి చూడడం, వచ్చి కూర్చోవడం. శని, ఆదివారాలు కాలేజీ వాళ్లు ఫోన్ ఎత్తలేదు.

జూన్ 15, ఆదివారం సాయంత్రం పాప స్నేహితురాలు వాట్సాప్‌లో ఒక లింకు పంపింది. పాత సైటు పనిచేయడం లేదు, ఇందులో కట్టండి అని. నొక్కగానే తెరుచుకుంది. ఎర్ర రంగు లేదు, హెచ్చరిక లేదు. కాలేజీ బొమ్మ, కాలేజీ పేరు, రంగులు అన్నీ అవే. మూడు రోజులుగా మూసి ఉన్న తలుపు తెరిచినంత సంతోషం మాకు. పాప పేరు, పుట్టిన తేదీ కొట్టాం. ఫీజు 1,200 అంది. కాలేజీ నోటీసులో 500 అని ఉంది కదా అని ఒక్క క్షణం అనిపించింది, ఆలస్య రుసుము కాబోలు అనుకున్నాను. ఫోన్‌లో యూపీఐ తెరిచి పిన్‌లో రెండు అంకెలు కొట్టేశాను. మూడో అంకె కొట్టబోతూ పైన చూశాను. డబ్బు ఎవరికి వెళ్తుందో చూపించే చోట కాలేజీ పేరు లేదు, ఎవరో మనిషి పేరు ఉంది.

ఫోన్ బల్ల మీద బోర్లించి పెట్టేశాను. ఒళ్లంతా చెమట పట్టింది.

తర్వాత కూర్చుని అడ్రసు అక్షరం అక్షరం చదివాం. కాలేజీ పేరు తర్వాత ఒక గీత, ఆ పైన అడ్మిషన్ అని, చివర డాట్ ఆన్‌లైన్. అసలు సైటు చివర డాట్ ఏసీ డాట్ ఇన్ ఉంటుంది, అది చదువు చెప్పే సంస్థలకే ఇస్తారు. సర్టిఫికెట్ తెరిచి చూస్తే అందులో ఏ తప్పూ లేదు! మే 28న ఇచ్చింది, ఆగస్టు 26 దాకా గడువు. సంతకం చేసింది కూడా బ్రౌజర్ ఒప్పుకునే సంస్థే. నాకు బాగా అర్థమైంది అప్పుడే. బ్రౌజర్ చూసేది ఈ అడ్రసూ ఈ కాగితమూ ఒకరివేనా అని, అంతవరకే. ఆ అడ్రసు కొన్నవాడు దొంగైతే దొంగ పేరు మీదే సరైన కాగితం వస్తుంది, అదీ ఉచితంగా. మాకు మొదటి నుంచీ అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే మంచి సైటు అని చెప్పారు. ఆ పొరపాటు అందరూ పడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మ తీసేసి, అడ్రసు పక్కన రెండు గీతలు, రెండు చుక్కలున్న గుర్తు పెట్టింది.

పాప వెంటనే స్నేహితురాలికి ఫోన్ చేసింది. అప్పటికే వాళ్ల నాన్న 1,200 కట్టేశారు. వాళ్ల చేత 1930 నంబరుకి ఫోన్ చేయించాం. సైబర్ మోసాలకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు అది, డబ్బు పోయిన గంటల్లోనే చెప్పడం ముఖ్యం. నలభై నిమిషాలు ప్రయత్నిస్తే లైను దొరికింది. లావాదేవీ నంబరు, టైము, ఏ యాప్ నుంచి వెళ్లిందో అడిగారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఆ అమ్మాయి నాన్న మొహం చూడలేకపోయాను. కూలి డబ్బులు.

జూన్ 16, సోమవారం. ఇక్కడ ఇంకా పండగే, అక్కడ కాలేజీ ఉంది. ఫోన్ చేసి ముందు దొంగ సైటు గురించి చెప్పాను, స్క్రీన్‌షాట్ పంపాను. మా సైటు సాయంత్రానికి అవుతుంది అన్నారు. రాత్రి పదకొండు దాకా చూశాం. కాలేదు.

జూన్ 17, మంగళవారం, ఉదయం 11 గంటలకి పాప ఫోన్‌లో అడ్రసు కొడితే నాలుగోసారి అదే ఎర్ర పేజీ. నేను ఏడ్చేదాన్నే. పాప మాత్రం కింద చిన్న అక్షరాల్లో ఉన్న మాట చదివి "అమ్మా, ఇది వేరే" అంది. ఇంతకు ముందు డేట్ ఇన్‌వ్యాలిడ్ అని ఉండేది, ఇప్పుడు కామన్ నేమ్ ఇన్‌వ్యాలిడ్ అని ఉంది. తేదీ బాగుంది, పేరు కలవలేదు. సర్టిఫికెట్ తెరిస్తే కొత్తదే, జూన్ 16న ఇచ్చింది. అందులో ఉన్న పేరుకి ముందు మూడు డబ్ల్యూలు ఉన్నాయి. పాప కొట్టిన అడ్రసులో లేవు. మూడు డబ్ల్యూలు చేర్చి కొట్టగానే సైటు తెరుచుకుంది. హడావిడిలో ఒక్క రూపానికే సర్టిఫికెట్ తీసుకున్నట్టున్నారు. ఆఫీసుకి ఫోన్ చేసి అదీ చెప్పాను, రెండు రోజుల్లో సరిచేశారు.

మధ్యాహ్నం 12:40కి ఫీజు 500 కట్టాం, ఈసారి కాలేజీ పేరే వచ్చింది. పాస్‌వర్డ్ మార్చాం. రసీదు రెండు ప్రింట్లు తీయించాను, 20 రూపాయలు. అదే రోజు సాయంత్రం గడువు జూన్ 25 దాకా పెంచినట్టు నోటీసు కూడా పెట్టారు. మా కాగితం వల్లనో కాదో తెలియదు, అలా రాసిచ్చిన వాళ్లు ఇంకో పదిమంది ఉన్నారని తర్వాత విన్నాను.

ఆ కొత్త సర్టిఫికెట్ ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లది, 90 రోజులకే. ఆ సెప్టెంబరు 14 దాకే గడువు. ఇది మెషీన్ చేత దానంతట అదే రెన్యువల్ అయ్యేలా పెట్టుకోవచ్చట. ఆఫీసాయనకి ఈ తేదీ చెప్పి, ఆ ఏర్పాటు చేయించండి, పాత మెయిల్ కూడా మార్పించండి అన్నాను. ఎందుకంటే మా అక్క కొడుకు చెప్పాడు, 2026 మార్చి 15కి ముందు ఇచ్చిన సర్టిఫికెట్ ఎక్కువలో ఎక్కువ 398 రోజులు ఉండొచ్చు. ఆ రోజు నుంచి ఇచ్చేవి 200 రోజులే, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులేనట. ఏడాదికొక తేదీ గుర్తుపెట్టుకోలేని ఆఫీసులు నెలన్నరకొకటి ఎలా చూసుకుంటాయో అని నాకు నిజంగా బెంగగా ఉంది. నష్టపోయేది చివరి రోజు దాకా ఆగే మనలాంటి ఇళ్లే.

మొత్తం మాకైన ఖర్చు: బ్యాటరీ, మెకానిక్ 250, ప్రయాణం 420, ఫీజు 500, ప్రింట్లు 20. మా ఆయన కొట్టు ఒక రోజు మూసేశారు. జూన్ 27న రథయాత్ర రోజు, రథం దగ్గర ఆ స్నేహితురాలి నాన్న కనిపించారు. ఫిర్యాదు నంబరు జేబులోనే మడిచి పెట్టుకుని ఉన్నారు. డబ్బు ఇంకా రాలేదు. పాప అప్లికేషన్‌తో పాటు వాళ్లమ్మాయిది కూడా అసలు సైటులో మా ఇంట్లోనే కూర్చుని పెట్టించాం, 500 కట్టి.